గొడ్లచావిట్లో నా ప్రవేశ పరీక్ష

వెటర్నరీ కాలేజీలో చేరాలనుకునే పిల్లలు ఇప్పటికీ నన్ను వెతుక్కుంటూ వస్తారు. నేను రిటైరై చాలా కాలమైనా, బందరు బస్టాండులో ఎవరిని అడిగినా "గేదెల డాక్టరమ్మ గారిల్లా?" అని దారి చెబుతారట. ఆ బిరుదు నాకు ఇష్టమే. వచ్చిన పిల్లలు కాఫీ తాగి, కాసేపు మొహమాటపడి, చివరికి అసలు మాట అడుగుతారు.

"మేడమ్, అప్లై చేసే ముందే పశువులతో పనిచేసిన అనుభవం ఉంటే మంచిదంటున్నారు. ఎన్ని నెలలు చేస్తే చాలు?"

ఒక గేదె చేత తన్నించుకుని, మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే గేదె దగ్గరికి వెళ్లగలిగితే చాలంటాను. జోకనుకుని నవ్వుతారు. నేను నవ్వకపోయేసరికి కాఫీ గ్లాసులోకి చూస్తారు.

నా ఉద్యోగంలో ఎక్కిన మెట్లు, తిరిగిన ఊళ్లు ఎవరికీ అక్కర్లేదు. నేను రాయాలనుకున్నది కాలేజీ గుమ్మం తొక్కకముందు గడిచిన కాలం గురించి. ఆ తర్వాత పుస్తకాల్లో చదివినదంతా నాకు బాగానే ఎక్కిందంటే, దానికి కారణం అప్పటికే నా కాళ్లకి పేడ అంటి ఉండటం.

అరవయ్యో దశకం మొదటి సంవత్సరాలవి. నాన్నగారు బందరులో హైస్కూలు లెక్కల మాష్టారు. అమ్మ మా చర్చిలో స్త్రీల సమాజానికి నాయకురాలు. ఇంట్లో నాయకత్వం సంగతి వేరే చెప్పక్కర్లేదు. నేను పి.యు.సి. పాసయ్యాను. అమ్మ దృష్టిలో నా ముందు రెండే దారులున్నాయి. టీచరు ట్రైనింగు, అది కాకపోతే నర్సు ట్రైనింగు. ఒకరోజు భోజనాల దగ్గర నేను మూడో దారి చెప్పాను. అమ్మ చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"పశువుల డాక్టరా? గొడ్ల వెనకాల తిరిగే పిల్లని ఎవరు చేసుకుంటారే?"

నాన్నగారు మజ్జిగన్నం పూర్తిచేశారు. చెయ్యి కడుక్కుని వచ్చి అప్పుడు చెప్పారు.

"సుగుణా, నీకు కుక్కపిల్లలంటే ఇష్టమని నాకు తెలుసు. అది చాలదమ్మా. గుడివాడలో అత్తయ్య దగ్గరుండి ఒక ఏడాది పశువుల ఆసుపత్రికి వెళ్లు. ఆ తర్వాత కూడా ఇదే మాటంటే దరఖాస్తు తెప్పిస్తాను. మధ్యలో వద్దనిపిస్తే మాత్రం సిగ్గుపడకుండా వచ్చెయ్."

అమ్మ ఒప్పుకుంది. నెల తిరక్కుండా నేనే ముక్కు మూసుకుని ఇంటికొస్తానని ఆవిడ ధీమా.

వరండా వైద్యం

అత్తయ్య గుడివాడలో నర్సు. ఆవిడ మాట సాయంతో దగ్గర్లోని ఒక ఊరి పశువుల ఆసుపత్రికి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడి డాక్టరు గారి పేరు రాయను. చాలా శుభ్రమైన మనిషి. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, అద్దంలా మెరిసే బూట్లు. ఆ తెలుపు మీద మచ్చ పడకుండా పశువైద్యం చేసే పద్ధతి ఒకటి ఆయన కనిపెట్టారు. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పశువు కింద ఎండలో ఉండేది.

"మేత మేస్తోందా?"

"లేదండీ."

"పేడ వేస్తోందా?"

"కొంచెం కొంచెం అండీ."

"ఆముదం."

మేత మేస్తోందన్నా ఆముదమే, మేయట్లేదన్నా ఆముదమే. ఒకసారి ఒక రైతు, "ఆముదం ఇంటి దగ్గరే పోసి తోలుకొచ్చానండీ" అన్నాడు. ఈయన కాసేపు ఆలోచించి, "అయితే రేపు చూద్దాం" అన్నారు.

ఆయన్ని ఎగతాళి చెయ్యడం తేలిక. కానీ సూదులు, కత్తెరలు ఉడకబెట్టడంలో అంత నిక్కచ్చి మనిషిని నేను మళ్లీ చూడలేదు. "పని చెయ్యనివాడి పనిముట్లు శుభ్రంగా ఉండక ఏమవుతాయి" అని అత్తయ్య నవ్వేది. ఆ తర్వాత ఉద్యోగంలో, సరిగ్గా ఉడకని సూదితో పొడిచినచోట లేచిన చీముగడ్డలు చూసినప్పుడల్లా ఆయనకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. పనికిరాని పైఅధికారి దగ్గర కూడా తీసుకోదగ్గది ఒకటైనా ఉంటుంది. అది తీసుకుని మిగతాది వరండాలోనే వదిలేసి రండి.

ఆ ఆసుపత్రితో నాకు రుణం తెంపింది ఒక దున్నపోతు. వానలకి ముందు పశువులకి గురకవ్యాధి రాకుండా టీకాలు వేస్తారు. ఆ రోజు ఊళ్లో గొడ్లన్నీ వరసగా వచ్చాయి. సాయానికి అవనిగడ్డ నుంచి రామదాసు గారనే ఇంకో డాక్టరు వచ్చారు. నాకు అప్పజెప్పిన పని ఒక దున్నపోతు తాడు పట్టుకుని నిలబడటం. అంతకుముందు దాకా సీసాలు కడిగిన దాన్ని, అది నాకు పెద్ద పదవిలా అనిపించింది. ఎక్కడ జారిపోతుందోనని తాడును మణికట్టుకి గట్టిగా చుట్టుకున్నాను.

సూది దిగింది. దున్నపోతు పంటబోదె వైపు పరుగందుకుంది. దానితోపాటు నేనూ వెళ్లాను, నా ప్రమేయం లేకుండా. దారిలో ఒక చెప్పు పోయింది. ఓణీ సగం ఎవరిదో ముళ్లకంచెకి చిక్కుకుని ఆగిపోయింది. బోదెలో దిగాక దున్నపోతు చల్లబడి, హాయిగా కళ్లు మూసుకుంది. దాని పక్కన నేను కూడా మెడదాకా బురదలో కూర్చున్నాను.

గట్టు మీద ఊరు ఊరంతా చేరింది. డాక్టరు గారు వరండాలోంచే కేకేశారు. "ఆడపిల్లలకి ఇది కుదరదని నేను ముందే చెప్పాను! రేపట్నుంచి రానక్కర్లేదు!"

రామదాసు గారు మాత్రం ప్యాంటు మడవకుండానే బోదెలోకి దిగి, నా చేతికున్న తాడు విప్పారు. మణికట్టు నల్లగా కమిలిపోయింది. వేళ్లు కదపమన్నారు. కదిలాయి.

"తాడు చేతికి చుట్టుకోమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ."

"చుట్టుకోవద్దని?"

"అదీ ఎవరూ చెప్పలేదండీ."

"అయితే తప్పు మాది. కానీ ఇంత దూరం ఈడ్చినా తాడు వదల్లేదంటే నువ్వు గట్టిదానివే."

"చుట్టుకున్నాను కదండీ, వదులుదామన్నా రాలేదు" అన్నాను.

ఆయన నవ్విన నవ్వుకి దున్నపోతు కళ్లు తెరిచింది. "అవనిగడ్డ వస్తావా? మా వైపు కాలవలు ఇంకా లోతు" అన్నారు.

పిల్లలూ, తాడు చేత్తో పట్టుకోండి. చేతికి మాత్రం ఎప్పుడూ చుట్టుకోకండి. ఇలాగే వేళ్లు పోగొట్టుకున్నవాళ్లని తర్వాత నేను చూశాను. నాకు చెప్పు ఒక్కటే పోయింది.

మూడో మాట

చల్లపల్లి మీదుగా బస్సులో అవనిగడ్డ చేరాను. రామదాసు గారింట్లోనే నాకో గది ఇచ్చారు. ఆయన భార్య సుభద్రమ్మ గారు నా లంగా ఓణీ అవస్థ చూసి, మోకాళ్ల కిందకి దిగే కాకీ కోటు ఒకటి కుట్టించారు. దాంతో దివిసీమ పల్లెల్లో నేను "పోలీసమ్మాయి"నయ్యాను. నన్ను చూసి చుట్టలు దాచేసుకున్న పెద్దమనుషులు కూడా ఉన్నారు.

రామదాసు గారు పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. పొద్దున్నే కాఫీ పడకముందు ఆయన్ని పలకరించడం మంచిది కాదు. పైగా తన మాట తప్పయిందంటే ఒప్పుకోలేరు. ఒక ఆవు చూడిదని గట్టిగా చెప్పి, అది ఎన్నాళ్లకీ ఈనకపోతే, ఆ ఇల్లున్న వీధిలోకే వెళ్లడం మానేశారు. ఆ పక్క వీధికి పని పడితే చేల గట్ల మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లం. అంత దూరం మందుల పెట్టె మోసింది నేను కాబట్టి ఈ సంగతి నాకు బాగా గుర్తు.

కానీ ఆయన నేర్పిన రెండు విషయాలు ఏ కాలేజీలోనూ అంత బాగా నేర్పలేదు.

మొదటిది చూడటం. చాలా రోజులు నన్ను ఏ మందూ ముట్టుకోనివ్వలేదు. "ముందు దూరంగా నిలబడి చూడు. చెవులెలా ఉన్నాయి, నెమరేస్తోందా, బరువు ఏ కాలి మీద వేసింది. దగ్గరికెళ్లావంటే అది నిన్ను చూస్తుంది. ఇంక నటిస్తుంది" అనేవారు. పశువు నటించడమేమిటని మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత నా కళ్లతో నేనే చూశాను. కుంటుతూ వచ్చిన ఎద్దు, కొత్తమనిషి దగ్గరికి రాగానే నాలుగు కాళ్ల మీదా నిటారుగా నిలబడింది. భయపడిన పశువు తన నొప్పి దాచుకుంటుంది.

రెండోది వినడం. పశువు యజమానిని ఆయన ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగేవారు. ఒకసారి కడుపు ఉబ్బిన ఎద్దుని తోలుకొచ్చారు.

"ఏం పెట్టారు?"

"ఏమీ పెట్టలేదండీ. ఊరికే ఉబ్బింది."

"ఏం పెట్టారయ్యా?"

"పొద్దున కాస్త చద్దన్నం పెట్టామండీ."

"ఏం పెట్టావో చెప్పు నాయనా, ఎద్దు పోతుంది."

"పెళ్లిలో మిగిలిన అన్నమండీ. గంగాళం ఖాళీ చేసింది."

మొదటి మాట పరువు కోసం చెబుతారు, రెండో మాట మన మీద జాలితో చెబుతారు, మూడో మాటే పశువు కోసం అనేవారు ఆయన. ఉద్యోగం పొడుగునా నేనూ మూడుసార్లే అడిగాను. విసుక్కున్నవాళ్లు ఉన్నారు గానీ, మూడోసారి కొత్త సంగతి చెప్పనివాళ్లు అరుదు.

సీతారావమ్మ గారి గేదె

ఒకరోజు పొద్దున్నే సాంబయ్య అనే రైతు ఆసుపత్రికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, కండువా నలుపుతూ నిలబడ్డాడు.

"గేదెకి జబ్బు చేసిందండీ."

డాక్టరు గారు వెళ్లి చూశారు. జ్వరం లేదు, మేత బాగుంది, పొదుగులో వాపు లేదు. వచ్చిన చిక్కల్లా పాలతోనే. దూడ నోరు పెడితే గేదె పాలు చేపుతోంది. దూడని పక్కకి లాగి సాంబయ్య కూర్చోగానే పాలు పైకి బిగబట్టేస్తోంది. ఎన్ని రోజుల నుంచని మూడుసార్లు అడిగితే అసలు సంగతి బయటపడింది. అతని భార్య సీతారావమ్మ కూతురి పురుడు పొయ్యడానికి మొవ్వ వెళ్లింది. ఆవిడ బస్సెక్కిన పూట నుంచే ఇది మొదలైంది.

"ఆవిడ చీర కట్టుకుని పిండి చూడకపోయావా? కొన్ని గేదెలు వాసన పోల్చుకుంటాయి" అన్నారు డాక్టరు గారు.

సాంబయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కట్టానండీ."

"ఎవరైనా చూశారా?"

"గేదె చూసిందండీ. చూసి తన్నింది."

నేను మొహం కోటు కాలరులో దాచుకున్నాను. సాంబయ్యకి మాత్రం నవ్వులాట కాదు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే గేదె వట్టిపోతుంది. వచ్చే సంతలో అమ్మేస్తానంటాడు. అది భార్య పుట్టింటి నుంచి వచ్చిన గేదె. "ఆవిడొచ్చేటప్పటికి పాలు లేకపోయినా తంటాయే, గేదె లేకపోయినా తంటాయే. ఏ తంటా చిన్నదో మీరే చెప్పండి" అన్నాడు.

డాక్టరు గారు నా వైపు తిరిగారు. "మగవాళ్లని అడిగింది చాలు. సాయంత్రం నువ్వెళ్లి ఆడవాళ్లని అడుగు."

వెళ్లాను. సాంబయ్య ఇంటి పక్క దడి మీదుగా రంగమ్మ అనే ఆవిడ కనిపించింది. సీతారావమ్మ గారు పాలు ఎలా పిండుతారండీ అని అడిగాను.

"ఎలా ఏముంది, అందరిలాగే. కాకపోతే పిండినంతసేపూ మొగుణ్ణి తిడద్ది."

"రోజూనా?"

"రెండు పూటలా. మాకదే గడియారం. ఆవిడ తిట్టు మొదలైతే మేం పొయ్యి ముట్టిస్తాం."

నాకు వెలిగింది. సీతారావమ్మ పాత చీర చుట్టుకుని చెంబు పట్టుకుని కూర్చున్నాను. పాలు పిండటం అప్పటికే వచ్చు. సాంబయ్యని గడ్డివాము వెనక దాక్కోమన్నాను. గేదె తల తిప్పి నన్ను అనుమానంగా చూసింది. నేను గొంతు సవరించుకున్నాను.

"సాంబయ్య గారూ, మీరు చేస్తున్న పని ఏమీ బాగాలేదండీ."

గేదె తోక విసిరింది. చెంబులో చుక్క పడలేదు.

దడి అవతల నుంచి రంగమ్మ నెత్తి కొట్టుకుంది. "అదేం తిట్టమ్మా, ప్రార్థనలాగా! 'నీ తెలివి తెల్లారినట్టే ఉంది' అను!"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

గేదె చెవి ఒకటి కదిలింది.

"గట్టిగా! 'ఎరువు తోలమంటే పేకాటకి పోయావు' అను!"

"ఎరువు తోలమంటే పేకాటకి పోయావు! చుట్ట కాల్చి గడ్డివాము పక్కన పారేస్తావు! నువ్వూ ఒక మనిషివేనా? నీతో వేగలేక నా ఒళ్లు హూనమైపోతోంది!" 

ఈ చివరి మాట రంగమ్మ అందించలేదు. మా అమ్మ నోట విన్నది, దానంతటదే వచ్చింది. గేదె నెమ్మదిగా వెనక కాళ్లు ఎడం చేసి నిలబడింది. పొదుగు నిండింది. పాలు సర్రుమని చెంబులో పడ్డాయి. నాకు ఊపొచ్చింది. రంగమ్మ గొడుగు సంగతి అందించగానే అందుకున్నాను.

"మా అన్న ఇచ్చిన గొడుగు బస్సులో పారేసుకొచ్చావు! అలాంటి గొడుగు నీ జన్మలో కొన్నావా?"

గడ్డివాము వెనక నుంచి సాంబయ్య ఇంక ఉండబట్టలేకపోయాడు. "నేను పారేసుకోలేదు! ఎవడో ఎత్తుకుపోయాడు!"

పాలు టక్కున ఆగిపోయాయి. గేదె గడ్డివాము వైపు చూసి బుస్సుమంది.

"నువ్వు మాట్లాడకయ్యా!" అని నేనూ రంగమ్మా ఒకేసారి అరిచాం. ఆ అరుపుకి పాలు మళ్లీ మొదలయ్యాయి.

ఆసుపత్రికి తిరిగొచ్చాక డాక్టరు గారు అడిగారు. "ఏం మందు పనిచేసింది?"

"తిట్లండీ."

ఆయన మొహంలో నవ్వు కనిపించనివ్వకుండా, "రెండు పూటలా ఇవ్వమని చెప్పు" అన్నారు.

సీతారావమ్మ మొవ్వ నుంచి వచ్చేదాకా రంగమ్మ ఆ చీర కట్టుకుని, పాలూ తిట్లూ రెండూ చూసుకుంది. రెండోది ఆవిడ ఎంతో ఇష్టంగా చేసిందని విన్నాను. తర్వాత ఒకరోజు సీతారావమ్మ మా ఆసుపత్రి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "మా ఆయన్ని తిట్టింది నువ్వేనా?" అంది. అవునని తలూపాను. ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసి, పాలచెంబు బల్ల మీద పెట్టింది. "గొడుగు మాట ఎత్తావంట. మంచి పని చేశావు" అంది.

నవ్వుకోడానికే ఈ సంగతి చెప్పలేదు. పశువుకి వచ్చిన జబ్బు ఒక్కోసారి పశువులో ఉండదు, ఇంట్లో ఉంటుంది. ఎవరు మేత వేస్తున్నారు, ఎవరు పాలు పిండుతున్నారు, ఈ మధ్య ఇంట్లోంచి ఎవరు వెళ్లారు, ఎవరు వచ్చారు అని అడగండి. ఆసుపత్రికి పశువుని తోలుకొచ్చేది మగవాళ్లు. దాంతో రోజూ గడిపేది చాలా ఇళ్లలో ఆడవాళ్లు. వాళ్లని అడక్కుండా రాసిన మందు సగమే పనిచేస్తుంది.

ఎదురుమొండి రేవు

ఏడాది ఇంకా పూర్తి కాలేదు. ఒక ఉదయం అవనిగడ్డ ఆసుపత్రి ముందు నాన్నగారు ప్రత్యక్షమయ్యారు. ఇస్త్రీ పంచె, పైన కోటు, చేతిలో అమ్మ పంపిన సున్నుండల డబ్బా.

"టీచరు ట్రైనింగులో సీటు దొరికేలా ఉందమ్మా. మీ అమ్మ నిన్ను తీసుకురమ్మంది."

"ఏడాది అన్నారు కదండీ?"

"నేనన్నాను. మీ అమ్మ అనలేదు."

నేను ఇంకేదో అనేలోపే నాగాయలంక నుంచి ఒక మనిషి సైకిలు మీద చెమటలు కక్కుతూ వచ్చాడు. ఎదురుమొండి లంకలో నాంచారమ్మ అనే ఆవిడ గేదె ఈనలేక అవస్థ పడుతోందట. ఉమ్మనీరు పోయి చాలా సేపయిందట. డాక్టరు గారు తన కుడిచేతి వంక చూసుకున్నారు. అంతకుముందే ఒక కోడె కొమ్ము విసిరితే ఆ వేళ్లు చితికి, చేతికి కట్టు కట్టి ఉంది.

"సుగుణా, పెట్టె తీసుకో" అన్నారు. తర్వాత నాన్నగారి వైపు చూసి, "మాష్టారూ, అమ్మాయిని తీసుకెళ్లాలంటే మీరూ పడవెక్కాలి" అన్నారు.

నాన్నగారికి పడవంటే భయం. అయినా ఎక్కారు. నాగాయలంక రేవు నుంచి లంక దాకా సున్నుండల డబ్బాని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు.

నాంచారమ్మ వాళ్లది సముద్రం మీద వేట చేసే కుటుంబం. భర్త, కొడుకులు అప్పుడు వేటలో ఉన్నారు. పడవలు కదలని రోజుల్లో ఆ ఇంటికి తిండి పెట్టేది ఆ గేదే. అది పాకలో ఒరిగి పడుకుని, నొప్పి వచ్చినప్పుడల్లా మెడ చాపి మూలుగుతోంది.

"చెయ్యి కడుక్కో. భుజం దాకా సబ్బు, పైన నూనె" అన్నారు డాక్టరు గారు. ఆసుపత్రిలో ఆయన పక్కన నిలబడి చాలా కాన్పులు చూశాను. లోపల చెయ్యి పెట్టి చూడి పరీక్షలు కూడా చేశాను. కానీ ఇది వేరు. నేలమీద బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టాను.

"ఏం తగిలింది?"

"కాలండీ."

"ముందు కాలా, వెనక కాలా? కీళ్లు వంచి చూడు. కింద రెండు కీళ్లూ ఒకవైపుకే వంగితే ముందు కాలు."

"ఒకవైపుకేనండీ. రెండు ముందు కాళ్లూ ఉన్నాయి."

"తల?"

"లేదండీ."

"లేకపోవడమేమిటి, తల లేని దూడ ఉంటుందా? పక్కకి తిరిగి ఉంటుంది. మెడ పట్టుకుని దాని వెంట వెళ్లు."

అప్పుడే గేదెకి నొప్పి వచ్చింది. నా చెయ్యి రోకలి కింద పడ్డట్టయింది. పళ్లు బిగబట్టి ఆగాను. నొప్పి తగ్గాక మెడ వెంట వెళ్తే చెవి తగిలింది, తర్వాత కన్ను, చివరికి మూతి. తల పూర్తిగా వెనక్కి తిరిగి, పక్కటెముకలకి ఆనుకుని ఉంది.

"లాగకు. ముందు దూడని వెనక్కి నెట్టు. చోటు చెయ్యి. ఆ తర్వాత మూతి అరచేతిలో పెట్టుకుని తిప్పు. మూతిని అరచేత్తో మూసి పట్టుకో, పళ్లు గేదె లోపల గీరుకోకూడదు."

నెట్టాను. జారిపోయింది. మళ్లీ నెట్టాను. ఎన్నిసార్లో గుర్తులేదు. చెయ్యి మొద్దుబారితే తీసి, మళ్లీ నూనె రాసుకుని పెట్టాను. చివరికి మూతి ఇటు తిరిగింది. దవడకీ, రెండు ముందు కాళ్లకీ తాళ్లతో ఉచ్చులు వేశాను.

"మాష్టారూ, ఆ డబ్బా పక్కన పెట్టి తాడు పట్టండి. గేదె ముక్కినప్పుడే లాగాలి. అది ఆగితే మీరూ ఆగాలి" అన్నారు డాక్టరు గారు.

నాన్నగారు పంచె ఎగ్గట్టి పేడలో మోకాళ్ల మీద కూర్చున్నారు. ఒకవైపు ఆయన, ఒకవైపు నాంచారమ్మ. గేదె ముక్కడం, వీళ్లు లాగడం, నేను తల వెంట చెయ్యి పెట్టి దారి చెయ్యడం. కొంతసేపటికి దూడ మొత్తం ఒక్కసారిగా నా ఒళ్లో పడింది.

కదల్లేదు. నోట్లో జిగురు తీశాను, ముక్కులో గడ్డిపోచ పెట్టాను, రొమ్ము రుద్దాను, వెనక కాళ్లు పట్టి పైకెత్తాం. డాక్టరు గారు ఎడమచేత్తో దాని కన్ను తాకి చూసి, "చాలమ్మా, వదిలెయ్" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. బురద, నెత్తురు, కన్నీళ్లు అన్నీ మొహాన కలిసిపోయాయి. అప్పుడు నేనేమన్నానో నాకు సరిగ్గా గుర్తులేదు. నాన్నగారు తర్వాత చెప్పగా తెలిసింది. వెక్కుతూనే డాక్టరు గారిని అడిగానట. "ఇంకోసారి ఇలాగే వస్తే త్వరగా తిప్పాలంటే ముందు ఏం చెయ్యాలండీ?"

"నీ ఆలస్యం వల్ల కాదు. మనం పడవెక్కకముందే దూడ పోయింది" అన్నారు ఆయన. తర్వాత నా పక్కనే కింద కూర్చుని, ఆ చచ్చిన దూడ మెడని ఎడమచేత్తో వెనక్కి మడిచి చూపించారు. "ఇదిగో, ఇలా ఉంది. నువ్వు ఇక్కడ నెట్టావు. ఇక్కడ, రొమ్ము మీద నెట్టి ఉంటే దూడ జారేది కాదు. నువ్వు చెయ్యి." నేను చేశాను. మళ్లీ చేయించారు. నా ఏడుపు నేను ఏడుస్తూనే ఉన్నాను, చెయ్యి తన పని తాను నేర్చుకుంటూనే ఉంది.

అంతలో గేదె లేచి నిలబడింది. నాంచారమ్మ వేణ్ణీళ్లు తెచ్చి నా చెయ్యి భుజం దాకా కడిగింది. "ఊరుకో తల్లీ. గొడ్డు బతికింది. మళ్లీ ఏడు చూడి కట్టుద్ది. ఇదే పోయుంటే మా బతుకేంటి?" అంది. నాన్నగారు డబ్బా మూత తీసి, సున్నుండలన్నీ ఆ పాకలో ఉన్నవాళ్లకి పంచిపెట్టారు. ఆయన పంచె ఏ రంగులో ఉందో చెప్పలేను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకి ఒకటి చెప్పాలి. మీరు అన్నీ సరిగ్గా చేసినా కొన్ని చచ్చిపోతాయి. అది తట్టుకోడానికి రాయిలా మారిపోవాలని కొందరు చెబుతారు. నేను మారలేదు. ఉద్యోగం ఆఖరి రోజు దాకా ఏడుపొస్తే ఏడ్చాను, చెయ్యి మాత్రం ఆపలేదు.

తిరుగు పడవలో నాన్నగారు నా పక్కనే కూర్చున్నారు. ఈసారి చేతుల్లో డబ్బా లేదు. పడవ అంచు పట్టుకోవాలని కూడా ఆయనకి గుర్తున్నట్టు లేదు.

"ఇంటికి వెళ్దామాండీ?" అని అడిగాను నేనే. ఆ క్షణంలో ఆయన అవునంటే నాకు కాదనే ఓపిక లేదు.

"నువ్వు ఏడుస్తావని నాకు తెలుసు. నీ చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను" అన్నారు. "కానీ ఏడుస్తూ కూడా ప్రశ్న అడుగుతావని తెలియదు. మా క్లాసులో లెక్క తప్పితే పిల్లలు ఏడుస్తారు. ఏడుస్తూ ఎక్కడ తప్పిందండీ అని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో నాకు ఎక్కువమంది దొరకలేదు. దరఖాస్తు తెప్పిస్తాను."

రేవు కనిపించింది. అప్పుడు అసలు భయం గుర్తొచ్చింది.

"నాన్నగారూ, మరి అమ్మకి ఎవరు చెబుతారండీ?"

ఆయన నీళ్ల వైపు చూశారు. పేడంటిన పంచె చూసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి ఎంతో వినయంగా అన్నారు.

"అది నువ్వే చెప్పమ్మా. నాకు అంత అనుభవం లేదు."